క్రేనంటే పక్షా, యంత్రమా, వక్కపొడా?

"క్రేన్" అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? చదవడం ఆపి ఒక్క క్షణం ఆలోచించండి.

హైదరాబాదు నుంచి వచ్చినవారికి వినాయక నిమజ్జనం నాటి ట్యాంక్‌బండ్ గుర్తుకు రావచ్చు. గుంటూరు వారికి భోజనం అయ్యాక నోట్లో వేసుకునే వక్కపొడి. విశాఖ వారికి ఓడరేవు. సినిమా పిచ్చి ఉన్నవారికి హీరోగారు మొదటిసారి తెరమీదకొచ్చే సన్నివేశం. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్ని అడిగితే మాత్రం పొడుగుకాళ్ళ పక్షి అనో, కాగితం మడిచి చేసే ఒరిగామి బొమ్మ అనో చెప్పే అవకాశమే ఎక్కువ.

"నానార్థాలు అన్ని భాషల్లోనూ ఉన్నవే, ఇందులో వింతేముంది?" అంటారా? వింత అది కాదు. పైన చెప్పిన జాబితాలో పెద్దవాళ్ళ జవాబులకీ, పిల్లల జవాబులకీ ఎక్కడా పొత్తు కుదరలేదు, గమనించారా? మన క్రేన్ వేరు, వాళ్ళ క్రేన్ వేరు. పలకడం మాత్రం ఒకటే. ఈ తేడా కంప్యూటర్ల చేతిలో పడితే ఏమవుతుంది, దాన్ని గురించి మనమెందుకు పట్టించుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

మా ఊరి క్రేన్లు

నేనుండేది ఆరిజోనాలోని చాండ్లర్‌లో. ఇక్కడ క్రేన్ అనే మాట మర్చిపోదామన్నా కుదరదు. ఊరికి దక్షిణాన ఒకటీయో ప్రాంతంలో ఇంటెల్ వారి చిప్పుల కర్మాగారాలున్నాయి. వాటిని ఫ్యాబ్‌లంటారని మీకు తెలిసిందే. 2012 జనవరి 25న అప్పటి అధ్యక్షుడు ఒబామా ఇక్కడికి వచ్చి మాట్లాడినప్పుడు ఫ్యాబ్ 42 కట్టుబడి సాగుతోంది. నేలమీద పనిచేసే క్రేన్లలో ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకదాన్ని ఆ పనికి తెప్పించారు. ఇంత చేసీ 2014లో ఆ ఫ్యాబ్‌లో యంత్రాలు పెట్టకుండా ఆపేశారు. 2017లో మళ్ళీ 700 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించారు. చివరికి 2020లో అది పనిలోకి వచ్చింది. నేను ఈ ఊరు వచ్చిన కొత్తల్లో అది ఖాళీగానే ఉండేది.

2021 సెప్టెంబరులో ఫ్యాబ్ 52, ఫ్యాబ్ 62 అని మరో రెండింటికి శంకుస్థాపన జరిగింది. వాటికి 2,000 కోట్ల డాలర్లని అప్పట్లో ప్రకటించారు. ఇక చూడండి, ఏ రోడ్డెక్కినా ఆకాశంలో క్రేన్లే. 2025 అక్టోబరులో ఫ్యాబ్ 52 పని మొదలుపెట్టిందని ఇంటెల్ ప్రకటించింది.

ఇక్కడి నుంచి ఆగ్నేయంగా మూడు గంటలు కారు నడిపితే విల్‌కాక్స్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడా క్రేన్లే! కాకపోతే రెక్కలున్నవి. శాండ్‌హిల్ క్రేన్లని, చలికాలంలో ఉత్తరాది నుంచి వేల సంఖ్యలో వచ్చి ఆ లోయలో దిగుతాయి. వాటికోసం జనవరిలో ఒక పండుగ కూడా చేస్తారు. ఒకే రాష్ట్రంలో ఒకే పేరుతో రెండు ఆకర్షణలు.

పక్షి పేరు యంత్రానికెలా వచ్చింది?

పేరు ముందు పక్షిది. పొడుగు మెడ చాచి, కిందకి వంగి, నోట కరుచుకుని పైకి లేచే ఆ తీరు చూసి యంత్రానికి ఆ పేరు పెట్టారు. ఇది ఇంగ్లీషువాళ్ళ కల్పన కూడా కాదు. ప్రాచీన గ్రీకులో గెరానోస్ అంటే పక్షీ, బరువులెత్తే యంత్రమూ రెండూను. ఫ్రెంచిలో గ్రూ అన్నా, పోలిష్‌లో జురావ్ అన్నా అంతే. ఇంకో తమాషా. రష్యా పల్లెల్లో బావిలోంచి నీళ్ళు తోడడానికి పొడుగు కర్రతో చేసే అమరికను కూడా ఆ పక్షి పేరుతోనే పిలుస్తారు. అదేమిటనుకున్నారు? మన ఏతాం! మనవాళ్ళు ఏతాం తొక్కి నీళ్ళు తోడారు గాని, దానికి పక్షి పేరు పెట్టాలని మాత్రం అనుకోలేదు.

ఇంగ్లీషులో ఆ మాట అక్కడితో ఆగలేదు. మెడ చాచి చూడడం క్రేన్. దక్షిణాకాశంలో ఒక నక్షత్ర మండలం క్రేన్. ఇంటిపేర్లలో క్రేన్‌లు కోకొల్లలు. నవలాకారుడు స్టీఫెన్ క్రేన్, కవి హార్ట్ క్రేన్, టీవీలో ఫ్రేజియర్ క్రేన్. 1855లో షికాగోలో రిచర్డ్ క్రేన్ పెట్టిన కంపెనీ వాల్వులకి పేరుపడింది. అన్నట్టు, మీ జేబులో ఉన్న డాలరు నోటు కాగితం కూడా క్రేన్ వారిదే. మాసచూసెట్స్‌లోని డాల్టన్ నుంచి 1879 నుంచీ వాళ్ళే సరఫరా చేస్తున్నారు.

ప్రిన్స్‌టన్‌లో జార్జ్ మిల్లర్ బృందం 1985లో మొదలుపెట్టిన వర్డ్‌నెట్ గురించి భాషాసాంకేతిక రంగంలో ఉన్నవారు వినే ఉంటారు. అందులో క్రేన్ నామవాచకానికి ఐదు అర్థాలు, క్రియకు ఒకటి ఇచ్చారు. ఆ ఆరింటిలో మనకి పరిచయమున్నవి ఎన్ని?

మన క్రేన్ సంగతి

ఇప్పుడు తెలుగులోకి వద్దాం. మనం ఆ మాటని అరువు తెచ్చుకున్నప్పుడు యంత్రాన్ని మాత్రమే తెచ్చుకున్నాం, పక్షిని అక్కడే వదిలేశాం. తెచ్చుకున్నాక దానికి మన అర్థాలు మనం కల్పించుకున్నాం.

"బండిని క్రేను వాడు ఎత్తుకుపోయాడురా" అని నాన్న ఫోన్లో చెప్తే నాకు అర్థమయ్యేది ఒకటే. నో పార్కింగ్‌లో పెట్టిన స్కూటర్ని ట్రాఫిక్ పోలీసుల వాహనం తీసుకుపోయింది, ఇక స్టేషన్‌కి వెళ్ళి చలానా కట్టాలి. అమెరికాలో దీన్ని టో ట్రక్ అంటారు, క్రేన్ అనరు. ఇది మన అర్థం.

ఖైరతాబాద్ గణపతి నిమజ్జనం నాడు టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి "నాలుగో నంబరు క్రేన్" అంటే వేరే వివరణ అక్కర్లేదు. ఇది కూడా మన అర్థమే. అక్కడ క్రేన్ అంటే ఒక యంత్రం మాత్రమే కాదు, ఒక చోటు. "నాలుగో క్రేన్ దగ్గర కలుద్దాం" అనొచ్చు. గుంటూరు క్రేన్ వక్కపొడి సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఒక క్రేన్ ఇవ్వండి" అని కిళ్ళీ కొట్టులో అడిగితే ఎవరూ కంగారుపడి పైకి చూడరు. సినిమావాళ్ళ క్రేన్ షాట్ సరేసరి.

మరి పక్షి? దాన్ని క్రేన్ అనే తెలుగువాడు నాకింతవరకు తగల్లేదు. కొంగ అంటాం. నిజానికి అదీ తప్పే. చెరువుగట్టున ఒంటికాలి మీద నిలబడే మన తెల్లకొంగ వేరే కుటుంబానికి చెందినది, ఇంగ్లీషులో ఎగ్రెట్. అసలు క్రేన్ జాతి పక్షికి మనకి బెగ్గురు అనే చక్కని పాత మాట ఉంది. సారసం అని సంస్కృతం మాటా ఉంది. మనలో ఎంతమందికి బెగ్గురు తెలుసు? మాట మరుగున పడిపోతే ఆ అర్థం వెళ్ళి దగ్గర్లో ఉన్న ఇంకో మాట నెత్తిన కూర్చుంటుంది. కొంగ విషయంలో జరిగింది అదే.

ఇక ఈ మాటకి విషాదం కూడా అంటుకుని ఉంది. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందూస్తాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ని పరీక్షిస్తుండగా అది కూలిపోయి 11 మంది చనిపోయారు. ఆ కుటుంబాల్లో క్రేన్ అన్న మాటకి ఏ నిఘంటువూ ఇవ్వలేని అర్థం ఒకటి ఉండిపోతుంది.

కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది?

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఇలాంటి చిక్కు వస్తే నేమ్‌స్పేస్ పెట్టేసి చేతులు దులుపుకుంటాం. ఒకే పేరున్న రెండు ఫంక్షన్లు వేర్వేరు ప్యాకేజీల్లో ఉంటే గొడవే లేదు. మనుషుల మాటలకి ఆ సదుపాయం లేదు. ముందూ వెనకా ఉన్న మాటల్నిబట్టి, మాట్లాడేదెవరన్నదాన్నిబట్టి మనమే పోల్చుకోవాలి.

ఈ సమస్య కంప్యూటర్లంత పాతది. 1949లో వారెన్ వీవర్ యంత్రానువాదం మీద రాసిన పత్రంలోనే ఒక మాటకి అటూ ఇటూ ఉన్న కొన్ని మాటల్ని చూస్తే దాని అర్థం తేల్చవచ్చని సూచించాడు. 1960లో బార్-హిల్లెల్ అనే ఆయన అది అంత తేలిక కాదన్నాడు. ఇంగ్లీషులో పెన్ అంటే రాసుకునే కలమూ అవుతుంది, పసిపిల్లలు ఆడుకునే దడీ అవుతుంది. పెట్టె పెన్‌లో ఉంది అంటే మనకి వెంటనే దడి అని తెలుస్తుంది, ఎందుకంటే కలంలో పెట్టె పట్టదు. ఆ లోకజ్ఞానం యంత్రానికి ఎక్కణ్ణుంచి వస్తుందని ఆయన ప్రశ్న.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ సరిగ్గా ఇదే చేసింది. ఏ మాట ఏ మాటలతో సావాసం చేస్తుందో చూసి ఒక్కో మాటకి ఒక అంకెల వరస కట్టింది. అయితే ఒక మాటకి ఒకటే వరస. పక్షీ, యంత్రమూ కలిసిపోయి రెక్కలున్న ఇనప దూలం తయారైంది! 2018లో బెర్ట్ లాంటివి వచ్చాక ప్రతి వాక్యంలోనూ సందర్భాన్నిబట్టి ఆ వరస మారడం మొదలైంది. ఇవాళ్టి పెద్ద మోడళ్ళన్నీ ఆ దారిలో వచ్చినవే. ఇంగ్లీషు వరకు బార్-హిల్లెల్ ప్రశ్నకి చాలావరకు జవాబు దొరికినట్టే.

ఇంగ్లీషు వరకు అన్నాను. అక్కడే ఉంది చిక్కు.

సావాసం చూడాలంటే ముందు ఆ మాటలు ఎక్కడో రాసి ఉండాలి. ఇంగ్లీషు వికీపీడియాలో 70 లక్షల వ్యాసాలుంటే తెలుగులో లక్ష చుట్టుపక్కల ఉన్నాయి. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది. ఇటువంటి సేవల్లో చాలా భాషల జంటలకి ఇంగ్లీషే మధ్యవర్తి. తెలుగు నుంచి ఇంకో భాషకి పోవాలన్నా ఇంగ్లీషు గుమ్మం దాటి పోవాలి. ఆ గుమ్మంలో క్రేన్ అంటే యంత్రమో, పక్షో. టో ట్రక్ అనే మన అర్థానికి అక్కడ తలుపు లేదు, వక్కపొడికి అసలే లేదు. మనకి లేని పక్షి మన నెత్తిన వాలుతుంది, మనకున్న అర్థాలు గుమ్మం బయటే ఆగిపోతాయి.

నవ్వుకుని వదిలేసే విషయమేనా?

నవ్వుకోవచ్చు, క్రేన్ దగ్గర ఆగితే. ఆ యంత్రం చుట్టూ ఉన్న మిగతా మాటల్ని చూడండి. దాని పొడుగు చేతిని బూమ్ అంటారు. అనువాదయంత్రం దాన్ని విజృంభణ అనుకుంటే? డెడ్ లోడ్‌ని చచ్చిన బరువంటే? పిన్ అంటే మనకి ఏటీఎం నంబరు, పోస్టాఫీసు కోడు, చీరకి పెట్టుకునేది. క్రేన్ దగ్గర పిన్ అంటే రెండు ఇనప భాగాల్ని కలిపి పట్టి ఉంచేది. 2019 ఏప్రిల్ 27న సియాటిల్‌లో గూగుల్ కోసం కడుతున్న భవనం మీద టవర్ క్రేన్ని విప్పుతుండగా అది రోడ్డు మీద కూలి నలుగురు చనిపోయారు. పిన్నుల్ని ముందుగానే తీసేయడం వల్ల ఇలా జరిగిందని రాష్ట్ర ప్రభుత్వ విచారణలో తేలింది. అక్కడా, విశాఖలోనూ జరిగింది భాష వల్ల కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. నేననేదల్లా, ఇలాంటి చోట ప్రతి చిన్న మాటకీ ప్రాణమంత విలువ ఉంటుందని. రేపు మన ఊళ్ళలో కట్టుబడి పనివాళ్ళకి జాగ్రత్తల కాగితాన్ని ఎవరో యంత్రంతో తెలుగు చేయించి, ఎవరూ చదివి చూడకుండా గోడకి అంటిస్తే, తప్పుడు అర్థం వచ్చిపడేది ఆ పనివాడి నెత్తిన.

నా ఉద్యోగంలో చూసిన ఒక ఉదాహరణ చెప్తాను. ఒక క్లయింటు దగ్గర పాత మరమ్మతుల రికార్డుల్ని కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని. అందులో క్రేన్ అనే మాట మూడు రకాలుగా ఉంది. బరువులెత్తే క్రేన్లు ఒకటి. సరుకు పెట్టెల్ని అరల్లోంచి తీసి పెట్టే స్టాకర్ యంత్రాలు రెండు, వాటినీ అక్కడివాళ్ళు క్రేన్లే అంటారు. క్రేన్ కంపెనీ వాల్వులు మూడు. అంతకు ముందెప్పుడో ఎవరో ఈ మూడింటినీ ఒకే వర్గంలో పడేశారు. దాంతో తనిఖీ గడువు దాటిన క్రేన్ల జాబితా తీస్తే వందలకొద్దీ వాల్వులు వచ్చిపడేవి. ఆ గుట్టలో, నిబంధనల ప్రకారం క్రమం తప్పకుండా తనిఖీ చేయాల్సిన అసలు క్రేన్లు ఎక్కడున్నాయో కనిపించేవి కావు. జాబితా చూసే మనిషి దాన్ని చూడడమే మానేశాడు.

దాన్ని బాగుచేసింది ఏ గొప్ప అల్గారిథమూ కాదు. ఆ ప్లాంటులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక టెక్నీషియన్ రెండు రోజులు మా పక్కన కూర్చుని ఇది ఇదీ, అది అదీ అని చెప్పాడు. మేము రాసుకున్నాం. ఆ తర్వాతే ప్రోగ్రాముకి పని దొరికింది. అర్థం తెలిసినవాడు ముందు చెప్పాలి, ఎవరో ఒకరు దాన్ని రాసిపెట్టాలి. భాష సంగతీ అంతే.

ఎత్తుకు పైఎత్తు

క్రేన్ అరువు మాట కాబట్టి ఈ తిప్పలు, అచ్చతెలుగు మాటైతే బాధ లేదనుకుంటున్నారా? క్రేన్ చేసే పనికి మన మాట తీసుకుందాం. ఎత్తు.

బరువు ఎత్తుతాం. బిడ్డని ఎత్తుకుంటాం. దొంగ సొమ్ము ఎత్తుకుపోతాడు. గాయకుడు పాట ఎత్తుకుంటాడు. కొండ ఎత్తు వేరు, చదరంగంలో ఎత్తు వేరు. జన్మ ఎత్తుతాం, పేరెత్తుతాం, పరుగెత్తుతాం, విసుగెత్తుతుంది. సాగర్‌లో 26 గేట్లు ఎత్తారంటే నీళ్ళు వదిలారని. టోల్‌గేటు ఎత్తేశారంటే రద్దు చేశారని. ఇంగ్లీషు లిఫ్ట్ వీటిలో ఎన్నింటికి సరిపోతుంది?

అన్నిటికన్నా నాకు నచ్చినది ఎత్తిపోతల. మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతం ఉంది, అక్కడ నీళ్ళు పైనుంచి కిందకి దూకుతాయి. 2019 జూన్‌లో ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో నీళ్ళు కింది నుంచి పైకి పోతాయి. ఒకే మాట, నీళ్ళు మాత్రం రెండు వైపులకి! ఈ సొగసు ఏ ఇంగ్లీషు నిఘంటువులోంచి దిగుమతి అవుతుంది? మనం రాస్తేనే ఉంటుంది.

"ఇవన్నీ పెద్ద మోడళ్ళు వాటంతటవే నేర్చేసుకుంటాయి, మనమెందుకు ఆయాసపడడం?" అని మిత్రులు అడుగుతుంటారు. కొంతవరకు నిజమే. ఎత్తిపోతల లాంటివి వార్తాపత్రికల్లో వస్తాయి కాబట్టి నేర్చుకుంటాయి. పత్రికల్లో రాని మాటల మాటేమిటి? తాపీమేస్త్రీ మాట, లారీ డ్రైవరు మాట, ఏతాం తొక్కిన తాతగారి మాట? ఎవరూ రాయనిదాన్ని ఏ యంత్రమూ చదవలేదు.

ఇంకొందరు దీనికి మందుగా కొత్త మాటలు పుట్టించమంటారు. క్రేన్ బదులు భారోత్థాపక యంత్రం అనాలట! వద్దండీ. క్రేన్ కింద నిలబడ్డవాణ్ణి తప్పుకోమని అరవడానికి ఆ మాట పూర్తయ్యేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. జనం వాడే మాట క్రేన్. దాన్ని తెలుగు లిపిలో, తెలుగు అర్థాలతో రాస్తే చాలు. ఆమాటకొస్తే, తెలుగు లిపిలో రాసిన క్రేన్ ఇంగ్లీషు క్రేన్ కన్నా స్పష్టమైనది. అందులో పక్షి లేదు కదా!

మనం చేయగలిగింది పెద్దదేం కాదు. తెలుగు వికీపీడియాలో ఒకే పేరుతో ఉన్న విషయాల్ని విడదీసి చూపే పేజీలుంటాయి. వాటికి అయోమయ నివృత్తి అని ముచ్చటైన పేరు పెట్టారు. అలాంటి పేజీ ఒకటి రాయడానికి అరగంట చాలు. విక్షనరీలో ఒక మాటకి మీ ఊళ్ళో ఉన్న అర్థాన్ని, ఒక వాక్యం ఉదాహరణతో చేర్చడానికి పది నిమిషాలు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలు వాడే మాట ఏదైనా కొత్తగా తోస్తే అడిగి రాసిపెట్టుకోండి. మీ పని గురించి, అది డేటాబేస్ అయినా, చిప్పుల తయారీ అయినా, నెలకో పేజీ తెలుగులో, తెలుగు లిపిలో రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు వాట్సాప్‌కి సరిపోతుందేమో గాని, నిఘంటువుకి సరిపోదు.

ఇంతకీ బెగ్గురు అన్న మాట ఈ వ్యాసం చదవకముందే మీకు తెలుసా? మీ ఊళ్ళో ఆ పక్షిని ఏమంటారో, టో ట్రక్‌ని క్రేన్ కాక ఇంకేమైనా అంటారో ఈ వారాంతం మీ పెద్దవాళ్ళని అడగండి. జవాబు మీ దగ్గరే ఉంచుకోకుండా ఎక్కడో ఒకచోట తెలుగులో రాయండి. ఆ మాటకి తెలుగులో సావాసం దొరికేది అప్పుడే.